పాత కారుకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్పించాను: నా అనుభవం

నా కారు పాతదే. కానీ ఇంజిన్ ఇప్పటికీ చుక్క ఆయిల్ తాగదు, బాడీకి ఎక్కడా తుప్పు లేదు, ఏసీ చక్కగా పనిచేస్తుంది. అందుకే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మొరాయించడం మొదలుపెట్టినప్పుడు "ఇక అమ్మేయండి" అన్న సలహా నాకు రుచించలేదు. గేర్‌బాక్స్ మార్పించాను. ఆ పని పొడుగునా నాకు గట్టిగా అర్థమైన సంగతి ఒకటుంది. పాత బాక్స్ ఎందుకు పోయిందో తేలకుండా ఇంకోటి ఎక్కించకూడదు. దాన్ని చంపిన కారణం కారులోనే మిగిలిపోతే, కొత్తగా వచ్చినదానికీ అదే గతి పడుతుంది.

నాది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే డొల్ల) ఉండే పాతకాలపు ఆటోమేటిక్, ఇంజిన్ శక్తి ముందు చక్రాలకి అందే కారు. సీవీటీ, ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ బాక్సుల లోపలి నిర్మాణం వేరు, వాటికి వచ్చే జబ్బులూ వేరు. కాబట్టి నేను చెప్పేదంతా వాటికి వర్తించదు.

మొదట కనిపించింది వణుకు. 60, 70 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి నిలకడగా వెళ్తుంటే, వరసగా వేసిన రంబుల్ స్ట్రిప్‌ల మీద నడుపుతున్నట్టు కారు గజగజలాడేది. రెండు మూడు సెకన్లే. కాస్త గట్టిగా తొక్కితే పోయేది. వీల్ బ్యాలెన్సింగ్ అని ఒకరు, స్పార్క్ ప్లగ్‌లు అని ఒకరు అన్నారు. నిజమే, ఇంజిన్ మిస్‌ఫైర్ అయినా దాదాపు ఇలాగే ఉంటుంది. రెండిటికీ తేడా పట్టుకునే ఉపాయం మా మెకానిక్ చూపించాడు. ఖాళీ రోడ్డు మీద వణుకు మొదలవగానే, వేగం తగ్గకుండా, బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రమే బ్రేక్ పెడల్‌ని తాకించమన్నాడు. తాకించగానే వణుకు ఠక్కున ఆగింది. వదిలితే మళ్లీ వచ్చింది.

కారణం ఇదీ. ఒక వేగం దాటాక టార్క్ కన్వర్టర్ లోపల ఉండే లాకప్ క్లచ్ పట్టుకుని ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలుపుతుంది. బ్రేక్ స్విచ్ నుంచి సిగ్నల్ అందగానే కంప్యూటర్ ఆ క్లచ్‌ని వదిలేస్తుంది. క్లచ్ వదలగానే వణుకు పోయిందంటే, తప్పు చాలామటుకు ఆ క్లచ్‌దే. అదే మిస్‌ఫైర్ అయితే బ్రేక్ తాకించినంత మాత్రాన ఆగదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష, ఆటోమేటిక్ నడిపే ప్రతివాళ్లకీ తెలిసి ఉండాలని నా కోరిక.

తర్వాత రెండో గేర్ నుంచి మూడో గేర్‌కి మారే చోట ఇంజిన్ ఒక్క క్షణం ఉత్తినే రేజ్ అవడం మొదలైంది. ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, కారు ముందుకి లాగదు, ఆ వెనకే చిన్న కుదుపుతో గేర్ పడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పార్క్ నుంచి డ్రైవ్‌లోకి వేస్తే ఒకటి రెండు సెకన్లు ఆలోచించుకుని కదిలేది. ఒకరోజు ఇంజిన్ లైట్ వెలిగింది, కారు మూడో గేర్‌లోనే ఉండిపోయింది. దాన్నే లింప్ మోడ్ అంటారు. లోపల ఏదో తేడా ఉందని కంప్యూటర్ గ్రహించి, బాక్స్ ఇంకా పాడవకుండా ఒకే గేర్‌లో కట్టేస్తుంది. మెల్లగా ఇంటికి చేరగలం, అంతే.

ఆ స్థితిలో బండిని వర్క్‌షాప్‌కి పంపేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ముందు చక్రాలు నేల మీద దొర్లుతుండగా తాడు కట్టి లాగించకూడదు. గేర్‌బాక్స్ లోపల ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్ తిరిగితేనే పనిచేస్తుంది. ఇంజిన్ ఆగి ఉండి చక్రాలు మాత్రం తిరిగితే లోపలి బేరింగులు, గేర్లు ఆయిల్ అందక అరిగిపోతాయి. అందుకే బండి మొత్తాన్ని ట్రక్కు మీదికి ఎక్కించి పంపాను.

స్కానర్ పెడితే మూడు కోడ్‌లు వచ్చాయి: పీ0700, పీ0741, పీ0733. మొదటిది జబ్బు పేరు కాదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి చూడండి అనే కబురు మాత్రమే. పీ0741 లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదని. పీ0733 మూడో గేర్‌లో లోపలికి వచ్చే వేగానికీ బయటికి పోయే వేగానికీ ఉండాల్సిన నిష్పత్తి లేదని, అంటే లోపల ఎక్కడో జారుతోందని. కోడ్ చూసి పార్టు కొనేయడం చాలాచోట్ల చూశాను. కోడ్ చెప్పేది ఎక్కడ వెతకాలో. ఏం మార్చాలో అది చెప్పదు. పీ0741 వచ్చిందంటే లాకప్ సొలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) కావచ్చు, వైరింగ్ కావచ్చు, ఆయిల్‌ని క్లచ్‌లకి పంచే వాల్వ్ బాడీలో అరుగుదల కావచ్చు, కన్వర్టరే కావచ్చు.

అందుకని మా మెకానిక్ చవకగా అయ్యేవన్నీ ముందు చూశాడు. బ్యాటరీ వోల్టేజ్, గేర్‌బాక్స్ మీది కనెక్టర్ లోపల తేమ, సొలెనాయిడ్ల రెసిస్టెన్స్, ఆయిల్ లెవెల్, చివర్లో గేజ్ పెట్టి లైన్ ప్రెజర్, అంటే బాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడి. వైరింగ్‌లో తప్పు లేదు, సొలెనాయిడ్లూ లెక్కలోనే ఉన్నాయి. ప్రెజర్ మాత్రం బాక్స్ వేడెక్కేకొద్దీ ఉండాల్సిన దానికంటే దిగిపోతోంది.

ఆ తర్వాత బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో దిగింది, ముక్కు దగ్గరికి తేగానే మాడు వాసన గుప్పుమంది. పాన్ అడుగున బిళ్లల్లాంటి అయస్కాంతాలు ఉంటాయి. వాటికి సన్నటి బూడిదరంగు పేస్టు పట్టి ఉండటం మామూలే, గేర్లు ఏళ్లతరబడి అరిగితే అలా వస్తుంది. అతను ఆ పేస్టుని వేలితో తీసి, తెల్ల గుడ్డ మీద రాసి, ఎండకి పట్టి చూపించాడు. బూడిద రంగు మధ్యలో నల్లటి గరుకు నలుసులు. అయస్కాంతం పట్టని నలుసులు పాన్ మూలల్లో ఇంకా ఎక్కువగా పేరుకుని ఉన్నాయి. అవి క్లచ్ ప్లేట్ల మీద అతికించి ఉండే రాపిడి పొర ముక్కలు.

"కొత్త ఆయిల్ పోస్తే బాగవుతుందా?" అని అడిగాను.

"ఇది ఆయిల్‌తో తీరే దశ దాటిపోయింది సార్. ప్లేట్ల మీది పొర ఊడి ఇక్కడికి వచ్చేసింది. ఆయిల్ మారిస్తే పొర మళ్లీ అంటుకోదు కదా" అన్నాడు.

పాత బాక్స్‌లో ఆయిల్ మారిస్తే బాక్స్ పోతుందని ఒక నమ్మకం ఉంది. నా ఉద్దేశంలో అది సగం నిజమే. అప్పటికే ప్లేట్లు అరిగి జారుతున్న బాక్స్‌లో మారిస్తే కొన్నాళ్లకి ఎలాగూ పోతుంది, నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. బాగున్న బాక్స్‌లో వేళకి మారిస్తే మేలే తప్ప కీడు లేదు. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని కొన్ని కార్ల మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. కానీ ఎన్నో కంపెనీలకి ఆటోమేటిక్ బాక్సులు తయారుచేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ సంస్థ, తన బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో ఆయిల్ మార్చమనే చెబుతుంది. తయారుచేసేవాళ్లే అలా అంటుంటే ఇక వాదన దేనికి?

అసలు కారణం రేడియేటర్ దగ్గర దొరికింది. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ విడిగా ఉండదు, రేడియేటర్ ట్యాంకు లోపలే ఇమిడి ఉంటుంది. నా కారులోనూ అంతే. కూలర్ నుంచి ఆయిల్ గేర్‌బాక్స్‌కి తిరిగొచ్చే పైపు (తిరుగు పైపు) ఊడదీసి డబ్బాలో పెట్టి ఇంజిన్ నడిపితే ఆయిల్ సన్నటి ధారగా వచ్చింది. అర నిమిషంలో సుమారు లీటరు రావాలన్నది చాలామంది మెకానిక్‌లు పాటించే లెక్క. అందులో సగం కూడా రాలేదు. వరస మాకు ఇలా అర్థమైంది: లాకప్ క్లచ్ జారి, దాని పొర నలుసులై ఆయిల్‌లో కలిసింది. నలుసులు వెళ్లి కూలర్ సన్నదారుల్లో ఇరుక్కున్నాయి. కూలర్ మూసుకుపోయేసరికి ఆయిల్ వేడెక్కింది. మామూలుగా 80, 95 డిగ్రీల మధ్య పనిచేయాల్సిన ఆయిల్ 120 దాటి తిరుగుతుంటే త్వరత్వరగా చెడిపోతుంది, రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. సీళ్లు గట్టిపడితే ప్రెజర్ కారిపోతుంది, ప్రెజర్ లేకపోతే గేర్ల క్లచ్‌లు గట్టిగా పట్టవు, జారతాయి, మాడతాయి. వణుకు మొదలైన రోజుకీ మూడో గేర్ జారిన రోజుకీ మధ్య జరిగింది ఇదంతా.

కొత్త బాక్స్ ఎక్కించి ఆ కూలర్‌ని అలాగే వదిలేసి ఉంటే? మొదటి కిలోమీటర్ నుంచే చెత్తా వేడీ రెండూ దానికి సంక్రమించేవి. కూలర్‌ని ఒత్తిడితో కడిగే యంత్రాలు ఉన్నాయి. కానీ లోపల మడతల్లో ఇరుక్కున్న నలుసు అంతా వచ్చిందని చూసి చెప్పే వీలు లేదు. అందుకే రేడియేటరే మార్పించాను. పాత కార్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ లోపలి కూలర్‌కి చిల్లుపడితే కూలెంట్ వచ్చి గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ గులాబీ రంగు నురగలా మారుతుంది. ఆ కూలెంట్ క్లచ్ పొరని పట్టి ఉంచే జిగురునే వదులు చేస్తుంది. పాత రేడియేటర్ మీద నమ్మకం పెట్టుకుని కొత్త బాక్స్‌ని పణంగా పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. తిరుగు పైపులో ఒక చిన్న మాగ్నెట్ ఫిల్టర్ కూడా పెట్టించాను.

ఇక ఏ బాక్స్ పెట్టాలన్న ప్రశ్న. స్క్రాప్ యార్డ్ నుంచి సెకండ్ హ్యాండ్ బాక్స్, ఉన్న బాక్స్‌నే విప్పించి రీబిల్డ్, లేదా అప్పటికే రీబిల్డ్ చేసి, పరీక్షించి, వారంటీతో ఇచ్చే బాక్స్. సెకండ్ హ్యాండ్ అన్నిటికంటే చవక. కానీ నా కారు వయసే ఉన్న ఇంకో కారులోంచి తీసిన బాక్స్ అది. ఎంత తక్కువ తిరిగినా రబ్బరు సీళ్లకి వయసు మీద పడకుండా ఉండదు. పైగా లోపల ఎలా ఉందో చూడనివ్వరు. రీబిల్డ్ అయితే క్లచ్ ప్లేట్లు, స్టీల్ ప్లేట్లు, సీళ్లు, గాస్కెట్లు అన్నీ కొత్తవి పడతాయి. అందుకే వారంటీ ఇచ్చే రీబిల్డ్ బాక్స్ వైపు మొగ్గాను. టార్క్ కన్వర్టర్ కూడా బాగుచేసినదే ఇవ్వాలని ముందే మాట తీసుకున్నాను. చెత్తకి మూలమే కన్వర్టర్ అయినప్పుడు, పాత కన్వర్టర్‌ని కొత్త బాక్స్‌కి తగిలిస్తే పని మొత్తం వృథా. కన్వర్టర్ వెల్డింగ్ చేసి మూసేసిన డొల్ల. పైనుంచి కడిగితే లోపల శుభ్రం కాదు, కోసి తెరిచి, క్లచ్ మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసి బ్యాలెన్స్ చేయాలి.

ముందుగా వచ్చిన బాక్స్‌ని వెనక్కి పంపాం. అదే మోడల్, అదే సంవత్సరం, చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంది. బాక్స్ మీద రేకు ముక్కపై ఉండే కోడ్‌లో ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం వేరే ఇంజిన్‌తో వచ్చే బాక్స్‌దట, ఫైనల్ డ్రైవ్ రేషియో (బాక్స్ నుంచి చక్రాలకి వెళ్లే చివరి గేర్ల నిష్పత్తి) వేరట. అది బిగించినా బోల్టులు పట్టేవి, కారు నడిచేది, కానీ గేర్లు మారాల్సిన చోట మారవు. మోడల్, సంవత్సరం చెప్పి ఆర్డర్ ఇచ్చి ఊరుకోకండి. పాత బాక్స్ మీది కోడ్‌ని ఫొటో తీసి, ఛాసిస్ నంబర్‌తో కలిపి ఇవ్వండి.

బాక్స్ దించడం నేను ఊహించిన దానికంటే పెద్ద పని. బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, గేర్ కేబుల్, కనెక్టర్లు, కూలర్ పైపులు, డ్రైవ్ షాఫ్ట్‌లు, కింద సబ్‌ఫ్రేమ్ అన్నీ వరసగా ఊడాలి. ఇంజిన్‌ని పైనుంచి అడ్డ కడ్డీకి వేలాడదీయాలి. 80 కిలోల దాకా తూగే ఆ బాక్స్‌ని ప్రత్యేకమైన జాకీ మీదికి దించాలి. ఇదంతా విప్పే కూలీయే బిల్లులో పెద్ద భాగం కాబట్టి, తెరిచి ఉండగానే అందేవన్నీ మార్పించాను. ఇంజిన్ వెనక క్రాంక్ సీల్ కొద్దిగా చెమర్చి ఉంది. చిన్న రబ్బరు చుట్టే, కానీ తర్వాత ఎప్పుడో కారితే దానికోసం మళ్లీ బాక్స్ దించాల్సిందే. యాక్సిల్ సీళ్లు, అరిగిన గేర్‌బాక్స్ మౌంటింగ్ కూడా అప్పుడే కొత్తవి పడ్డాయి. ఇంజిన్‌నీ కన్వర్టర్‌నీ కలిపే ఫ్లెక్స్‌ప్లేట్ అనే రేకు పళ్లేన్ని టార్చ్ వేసి బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుక పగుళ్లు ఉన్నాయేమోనని చూశారు. లేవు.

ఎక్కించేటప్పుడు నేను కళ్లార్పకుండా చూసిన ఘట్టం కన్వర్టర్ కూర్చోబెట్టడం. ముందు దానిలో లీటరు దాకా కొత్త ఆయిల్ పోశారు. తర్వాత మా మెకానిక్ దాన్ని బాక్స్ షాఫ్ట్ మీదికి ఎక్కించి, రెండు చేతులతో పట్టుకుని తిప్పుతూ లోపలికి నెట్టాడు. ఒకసారి "టక్" మని కొంచెం దిగింది. అయిపోయిందనుకున్నాను. అతను ఆపలేదు. తిప్పుతూనే ఉన్నాడు, ఇంకోసారి దిగింది, ఆ తర్వాత మరోసారి. లోపల రెండు షాఫ్ట్‌ల పళ్లు, ఆపైన ఆయిల్ పంపు గాడి, ఇవన్నీ ఒక్కొక్కటిగా కుదరాలి. చివరిది కుదరకుండా బాక్స్‌ని ఇంజిన్‌కి ఆనించి బోల్టులు బిగిస్తే, స్టార్ట్ చేసిన వెంటనే పంపు పగిలిపోతుంది. కొత్త బాక్స్ ఒక్క కిలోమీటర్ కూడా తిరక్కుండా చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. అతను బాక్స్ అంచు మీద స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టి, కన్వర్టర్ ఎంత లోతుకి దిగిందో కొలిచి, మాన్యువల్‌తో సరిచూశాడు. బాక్స్ ఇంజిన్‌కి చేతితో నెడితేనే అంచుకి అంచు కలిసిపోవాలి, బోల్టులతో లాక్కోకూడదు. కలిశాక కన్వర్టర్ వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి, ఫ్లెక్స్‌ప్లేట్‌కీ దానికీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందు ఉండాలి. రెండూ నాకు చూపించాకే బోల్టులు వేశాడు. అలాంటి మెకానిక్ దొరకడం నిజంగా అదృష్టం.

ఆయిల్ విషయంలో రాజీ పడకూడదు. మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ ఉందో అదే పోయాలి. ఈ ఆయిల్ జారుడు కోసం మాత్రమే కాదు, క్లచ్ ప్లేట్లు ఎంత పట్టు పట్టాలో కూడా అందులో కలిపే రసాయనాలే నిర్ణయిస్తాయి. ఒకప్పుడు ఆ పనికి తిమింగలం నూనె వాడేవారు. 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని నిషేధించాక, అదే గుణం ఇచ్చే రసాయనాల కోసం కంపెనీలు వెతుక్కోవాల్సి వచ్చింది. అంత నాజూకైన లెక్క అది. "అన్ని బండ్లకీ పనికొచ్చే" ఆయిల్ నేను వద్దన్నది అందుకే.

లెవెల్ చూసే పద్ధతి కూడా ఇంజిన్ ఆయిల్‌లాంటిది కాదు. నా కారుకి డిప్‌స్టిక్ ఉంది. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడెక్కాక, బ్రేక్ తొక్కి అన్ని గేర్లలోకీ ఒక్కొక్కటిగా వేసి తిరిగి పార్క్‌లోకి తెచ్చి చూడాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో ఆయిల్ ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రతలో ఉండగా పక్కనున్న ప్లగ్ విప్పి చూస్తారు. ఎక్కువ పోసినా చేటే. తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగలోని గాలి ఒత్తిడికి అణిగిపోతుంది, క్లచ్‌లు మళ్లీ జారతాయి.

బిగించడం అయ్యాక మొదట చేసింది స్కానర్‌తో పాత లెక్కలు చెరిపేయడం. అరిగిన క్లచ్‌లని ఎలాగోలా పట్టించడానికి కంప్యూటర్ ఏళ్లుగా ప్రెజర్ పెంచుకుంటూ వచ్చి ఉంటుంది. ఆ అలవాటుతోనే కొత్త ప్లేట్ల మీద పనిచేస్తే ప్రతి గేర్ దబ్బుమని పడుతుంది. చెరిపేశాక అది కొత్తగా నేర్చుకోవాలి. మెల్లగా, ఒకే తీరుగా యాక్సిలరేటర్ తొక్కుతూ పై గేర్ దాకా వెళ్లడం, నెమ్మదిగా బ్రేక్ వేసి పూర్తిగా ఆపడం, మళ్లీ బయల్దేరడం. మొదట్లో రెండు నుంచి మూడుకి కాస్త కుదుపు ఉండేది. నాకు టెన్షన్ పట్టుకుంది. అతను మాత్రం "నేర్చుకోనివ్వండి సార్, గట్టిగా తొక్కకండి" అన్నాడు. నడిపేకొద్దీ అది మెత్తబడింది.

ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. పార్కింగ్‌లో నేల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. కూలర్ పైపు జాయింట్ దగ్గర చెమ్మ. వాషర్ మార్చి బిగిస్తే పోయింది. చిన్న కారుడే కదా అని ఊరుకునే విషయం కాదు ఇది. ఇంజిన్‌కి ఆయిల్ తగ్గితే లైట్ వెలుగుతుంది, చాలా గేర్‌బాక్సులకి ఆ హెచ్చరిక కూడా ఉండదు, నేరుగా జారడమే. అందుకని మొదటి వారాల్లో రాత్రిళ్లు కారు కింద ఒక అట్టముక్క పరిచి ఉంచేవాణ్ని.

దాదాపు 1000 కిలోమీటర్లు తిరిగాక పాన్ విప్పించి ఆయిల్ ఒకసారి మార్పించాను. మొత్తం 8 లీటర్ల దాకా పట్టే బాక్స్‌లో పాన్ నుంచి దిగేది మూడు, నాలుగు లీటర్లే, మిగతాది కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. అయినా కొత్త ప్లేట్లు ఒరుసుకున్న తొలి పొడి చాలావరకు బయటికి వస్తుంది. అయస్కాంతాల మీద ఈసారి సన్నటి బూడిద పేస్టు తప్ప నల్లటి నలుసు లేదు. తిరుగు పైపులో పెట్టించిన మాగ్నెట్ ఫిల్టర్‌ని కూడా తెరిపించి చూశాను, అదీ శుభ్రంగానే ఉంది. తర్వాతి ఆయిల్ మార్పు 50,000 కిలోమీటర్లకి అని సర్వీస్ పుస్తకంలో రాసి పెట్టాను, కొత్త బాక్స్ కోడ్, పోసిన ఆయిల్ స్పెసిఫికేషన్, వారంటీ కాగితం దాంతోపాటే ఉన్నాయి.